లాసెట్ దరఖాస్తు, లోకల్ కోటా, సర్టిఫికెట్లు: మూడేళ్ల లాకు, అయిదేళ్ల లాకు ఎలా అప్లై చేయాలి?

మున్నేరు_గట్టు:

నమస్కారం అండీ. ఇద్దరి కోసం అడుగుతున్నాను, ప్రశ్న కాస్త పొడుగు.

నా సంగతి: పదో తరగతి దాకా ఖమ్మం. ఇంటర్ ఎంపీసీ, బీటెక్ రెండూ విజయవాడలో. బీటెక్‌లో 58 శాతం. బీసీ-డి. ఇప్పుడు హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలో పని. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేద్దామని ఉంది.

చెల్లి సంగతి: చదువంతా ఖమ్మంలోనే. ఇంటర్ సీఈసీ రెండో సంవత్సరం పరీక్షలు ఇప్పుడే రాసింది. అయిదేళ్ల లాకు వెళ్తానంటోంది.

ఇద్దరికీ ఒకటే పరీక్షా? బీటెక్ వాళ్లు లా రాయొచ్చా? విజయవాడలో చదివినందుకు తెలంగాణలో నాకు లోకల్ పోతుందా? ఉద్యోగం చేసుకుంటూ చదవొచ్చని కొందరు, అసలు కుదరదని కొందరు అంటున్నారు, ఏది నిజం? నెట్ సెంటర్ ఆయనేమో "ముందు ఫారం నింపేద్దాం, మిగతాది తర్వాత చూసుకుందాం" అంటున్నాడు. అలా నింపేస్తే ఎక్కడైనా తేడా కొడుతుందా?

---

సుబేదారి_బెంచీ:

తేడా కొట్టేది పరీక్షలో కాదండీ, ఆ ఫారంలోనే. లాసెట్ పరీక్ష మామూలుగా చదివినవాళ్లు గట్టెక్కేదే. సీట్లు పోయేది కాగితాల దగ్గర, వెబ్ ఆప్షన్ల దగ్గర. కాబట్టి ఆ "తర్వాత చూసుకుందాం" మాట వినకండి.

ముందు పరీక్ష సంగతి. తెలంగాణలో ఉన్నత విద్యామండలి తరఫున ఉస్మానియా యూనివర్సిటీ టీజీ లాసెట్, అంటే లా ప్రవేశ పరీక్ష, నిర్వహిస్తుంది. నోటిఫికేషన్ ఒకటే అయినా మూడేళ్ల కోర్సుకు, అయిదేళ్ల కోర్సుకు పేపర్లు వేరు, ర్యాంకులు వేరు. మీరు డిగ్రీ మీద మూడేళ్లది, చెల్లెలు ఇంటర్ మీద అయిదేళ్లది రాయాలి. ఎల్‌ఎల్‌ఎంకి పీజీఎల్‌సెట్ అని ఇంకొకటి ఉంది, దానితో మీకు పని లేదు.

అర్హత ఇలా: మూడేళ్లకు ఏ డిగ్రీ అయినా సరే. బీటెక్, బీకాం, ఎంబీబీఎస్, ఏదైనా. మొత్తం మార్కుల్లో ఓసీలకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 ఉండాలి. అయిదేళ్లకు ఇంటర్‌లో ఇవే శాతాలు. గరిష్ఠ వయసు అంటూ లేదు, రిటైరైనవాళ్లు కూడా రాస్తున్నారు. ఫైనలియర్ రాసి ఫలితాల కోసం చూస్తున్నవాళ్లు అప్లై చేయొచ్చు, కానీ కౌన్సెలింగ్ నాటికి పాసైన మెమో చేతిలో ఉండాలి. చెల్లికి ఒక సబ్జెక్టు పోయినా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో పాసైతే చాలు.

పేపర్: 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు, కంప్యూటర్ మీద. పార్ట్-ఎ జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ 30. పార్ట్-బి కరెంట్ అఫైర్స్ 30. పార్ట్-సి ఆప్టిట్యూడ్ ఫర్ స్టడీ ఆఫ్ లా 60. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కాబట్టి ఏ ప్రశ్నా ఖాళీగా వదలొద్దు. అర్హత మార్కు 35 శాతం, అంటే 120కి 42. ఎస్సీ ఎస్టీలకు కనీస మార్కు లేదు. ఇద్దరికి మార్కులు సమానమైతే ముందు పార్ట్-సి మార్కులే చూస్తారు. ఇంగ్లిష్-తెలుగు, ఇంగ్లిష్-ఉర్దూ రెండు మాధ్యమాలున్నాయి. తెలుగు ఎంచుకున్నా స్క్రీన్ మీద ఇంగ్లిష్ కూడా కనిపిస్తుంది. అనువాదం తికమకగా అనిపించిన చోట ఇంగ్లిష్ వాక్యం చదువుకుని జవాబు పెట్టండి.

ఫారం వరుస: మొదట ఫీజు. ఈ మధ్య నోటిఫికేషన్లలో లాసెట్‌కు రూ. 900, ఎస్సీ ఎస్టీ దివ్యాంగులకు రూ. 600. ఫీజు కట్టాక వచ్చే పేమెంట్ రెఫరెన్స్ నంబరు జాగ్రత్త చేసుకోండి. డబ్బు ఖాతాలోంచి పోయి నంబరు రాకపోతే కంగారుపడి రెండోసారి కట్టకండి. సైట్‌లో పేమెంట్ స్టేటస్ చూసుకునే లింకు ఉంటుంది, అక్కడ చూసి అప్పుడు నిర్ణయించుకోండి. ఆ నంబరుతో ఫారం తెరిచి పది హాల్‌టికెట్ నంబరు, ఇంటర్ లేదా డిగ్రీ హాల్‌టికెట్ నంబరు, ఆధార్, మీసేవ కుల ధ్రువపత్రం నంబరు, ఆదాయం, పరీక్షా కేంద్రాల ప్రాధాన్యం నింపుతారు. ఫొటో, సంతకం అక్కడ చెప్పిన సైజులోకి కుదించి ఎక్కించాలి.

మూడు చోట్ల ఎక్కువగా దెబ్బ తగులుతుంది. ఒకటి, ఫోన్ నంబరు. నెట్ సెంటర్ వాళ్లు తమ నంబరు, తమ మెయిల్ ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఓటీపీలన్నీ, "మీ సర్టిఫికెట్ మళ్లీ అప్‌లోడ్ చేయండి" అనే మెసేజీలన్నీ అక్కడికే పోతాయి. మీకు తెలిసేసరికి గడువు అయిపోతుంది. రెండు, పేరు. ఆధార్‌లో ఎలా ఉందో కాదు, పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే, ఇంటిపేరు, అక్షరాలతో సహా. మూడు, కోర్సు. మూడేళ్లకు బదులు అయిదేళ్లు నొక్కేసినవాళ్లు ప్రతిసారీ ఉంటారు.

సబ్మిట్ చేశాక ప్రింటు తీసి పక్కన పెట్టి, ఒక పూట ఆగి మళ్లీ చదవండి. గడువు ముగిశాక తప్పులు దిద్దుకోవడానికి కొన్ని రోజులు ఇస్తారు గానీ, అన్ని గడులూ మన చేతుల్లో ఉండవు. కొన్నింటికి ఆధారాలతో కన్వీనర్‌కు మెయిల్ రాయాల్సి వస్తుంది. ఆలస్య రుసుముతో అప్లై చేయొచ్చు కదా అని ఊరుకోకండి. అది వందల్లో మొదలై వేలల్లోకి పోతుంది.

---

మెమో_నంబర్:

పైన చెప్పినవన్నీ సరైనవే. లోకల్ ప్రశ్నకు నేను జవాబు రాస్తాను, ఎందుకంటే మీ కేసులో అసలు చిక్కు అదే.

లోకల్ అంటే పుట్టిన ఊరు కాదు, అమ్మానాన్నల ఊరు కాదు, రేషన్ కార్డు మీది అడ్రసూ కాదు. రాజ్యాంగం 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల లెక్క అది. అర్హత పరీక్ష మొదటిసారి రాసిన సంవత్సరంతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఏ ప్రాంతంలో చదివారో అక్కడ లోకల్. అలా నాలుగేళ్లు ఒకేచోట కుదరకపోతే చివరి ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. మూడేళ్ల లాకు అర్హత పరీక్ష డిగ్రీ. అయిదేళ్ల లాకు ఇంటర్.

ఈ లెక్కన మీ చెల్లికి తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, నాలుగూ ఖమ్మమే. తెలంగాణ లోకల్, అనుమానమే లేదు. మీకు బీటెక్ నాలుగేళ్లూ విజయవాడ. అంటే మీరు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలో లోకల్, తెలంగాణలో నాన్‌లోకల్. పది దాకా ఖమ్మంలో చదివిన మాట నిజమే గానీ ఈ లెక్కలో అది అక్కరకు రాదు.

నాన్‌లోకల్ అనగానే తలుపు మూసుకుపోదు. సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకు, 15 శాతం అన్‌రిజర్వుడు. విభజన చట్టం 95వ సెక్షన్ ప్రకారం పదేళ్ల పాటు ఈ 15 శాతంలో రెండు రాష్ట్రాల వాళ్లూ పోటీ పడ్డారు. ఆ గడువు 2024 జూన్ 2తో తీరింది. 2025 ఫిబ్రవరిలో తెలంగాణ ఉత్తర్వు ఇచ్చి ఆ 15 శాతం ఎవరికో మళ్లీ నిర్వచించింది. బయట చదివిన కాలం తీసేసి తెలంగాణలో మొత్తం పదేళ్లు ఉన్నవాళ్లు, తల్లిదండ్రుల్లో ఒకరు, బయట ఉద్యోగం చేసిన కాలం మినహా, పదేళ్లు ఇక్కడ ఉన్నవాళ్లు, ఇక్కడి ప్రభుత్వ, ప్రభుత్వ రంగ ఉద్యోగుల పిల్లలు, అలాంటి ఉద్యోగుల జీవిత భాగస్వాములు అర్హులు. మీరు ఇందులోకి వస్తారు. కానీ దానంతట అది రాదు. నాన్నగారిదో అమ్మగారిదో పదేళ్ల నివాస ధ్రువపత్రం తహసీల్దార్ దగ్గర తీసుకుని కౌన్సెలింగ్‌లో ఎక్కించాలి. అది లేకుండా వెళ్తే మిమ్మల్ని ఏ గాటనా కట్టరు.

మామూలు నివాస పత్రానికీ దీనికీ తేడా ఉంది. మీసేవలో "రెసిడెన్స్" అని నొక్కితే ప్రస్తుత చిరునామా పత్రం వస్తుంది. మీకు కావాల్సింది ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉన్నారో రాసి ఉన్నది. విచారణ రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ దగ్గర ఆగుతుంది. పాత ఓటరు జాబితా కాపీ, ఇంటి పన్ను రసీదులు, పాత కరెంటు బిల్లులు జతచేసి ఇస్తే త్వరగా కదులుతుంది. ర్యాంకు వచ్చాక చూద్దామనుకుంటే ఆఫీసు కిటకిటలాడే రోజుల్లో ఇరుక్కుంటారు.

మిగతా కాగితాలు: పది మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) లేదా ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), టీసీ, తొమ్మిది నుంచి డిగ్రీ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల పత్రం, అవసరమైతే ఆదాయ పత్రం, ఆధార్. ఇందులో జనం తేలిగ్గా తీసుకునేది స్టడీ సర్టిఫికెట్లనే. ఏ తరగతి ఏ సంవత్సరం అన్నది స్పష్టంగా ఉండాలి. "2010 నుంచి 2015 వరకు మా బడిలో చదివాడు" అని ఒక్క వాక్యం రాసిచ్చే బళ్లు ఉన్నాయి. అలాంటిది వెరిఫికేషన్‌లో వెనక్కి వస్తుంది. బడి మూతపడి ఉంటే రికార్డు ఎక్కడుందో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగాలి.

టీసీ చివరిగా చదివిన చోటుది. బీటెక్ తర్వాత ఎంబీఏలో చేరి మధ్యలో మానేసినవాళ్లు బీటెక్ టీసీ కోసం వెతుకుతారు, తీరా అది ఎంబీఏ కాలేజీ బీరువాలో ఉంటుంది. బాకీ ఫీజు కడితేనే ఇస్తామంటారు. ఒరిజినళ్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది గానీ, ఆ నోటిఫికేషన్ ప్రింటు పట్టుకెళ్లి వాదించడానికి కూడా కొన్ని వారాలు పడుతుంది. ముందే కదలండి.

ఓసీల్లో ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల కోటా) అడిగేవాళ్లకు ఒక మాట: ఆ పత్రం ఆర్థిక సంవత్సరానికి చెల్లుతుంది. ఫిబ్రవరిలో దరఖాస్తుకని తీసుకున్నది ఏప్రిల్ 1 దాటాక, ఆగస్టులో కౌన్సెలింగ్ నాటికి పాతదవుతుంది. కొత్తది తీయాల్సిందే. ఎస్సీలకు: 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో మూడు గ్రూపుల వర్గీకరణ అమల్లోకి వచ్చింది. గ్రూపు రాసి ఉన్న కొత్త పత్రం తీసి ఉంచుకోండి.

---

నల్లకోటు:

ఉద్యోగం ప్రశ్న దగ్గర అందరూ మొహమాటపడతారు, సూటిగా చెబుతాను. ఎల్‌ఎల్‌బీ రెగ్యులర్ కోర్సు. దూరవిద్యలో చేసిన ఎల్‌ఎల్‌బీతో లాయరుగా ఎన్‌రోల్‌మెంట్ రాదు. ఎవరైనా "కరస్పాండెన్స్ లా" అని డబ్బులడిగితే అక్కడితో మాట ఆపేయండి.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ ప్రకారం క్లాసులు ఉదయం 8కీ సాయంత్రం 7కీ మధ్యే జరగాలి, వారానికి కనీసం 30 గంటలు. ఆఫీసు అయ్యాక 7 నుంచి 10 దాకా నడిచే ఈవెనింగ్ లా కాలేజీ అనేది ఇప్పుడు లేదు. హాజరు ప్రతి సబ్జెక్టులో 70 శాతం. గట్టి కారణం ఉండి ఒక సబ్జెక్టులో తగ్గితే 65 దాకా ప్రిన్సిపాల్ సర్దొచ్చు, అది కూడా అన్ని సబ్జెక్టులూ కలిపి 70 ఉంటేనే.

2024 సెప్టెంబర్‌లో బీసీఐ సర్క్యులర్ ఒకటి వచ్చింది. బయోమెట్రిక్ హాజరు, క్లాసుల్లో సీసీ కెమెరాలు, విద్యార్థి దగ్గర డిక్లరేషన్లు. అందులో ఉద్యోగం చేస్తున్నారా, చేస్తుంటే యజమాని నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఉందా అన్నది చెప్పాలి. ఒకేసారి వేరే రెగ్యులర్ డిగ్రీ చదవడం లేదని, పెండింగ్ క్రిమినల్ కేసులు ఏవైనా ఉంటే అవి కూడా చెప్పాలి. కాబట్టి దాచి చేరడం కంటే నైట్ షిఫ్ట్, పార్ట్‌టైం, ఇంటి నుంచి పని ఏదైనా మాట్లాడుకుని, రాతపూర్వకంగా ఎన్‌ఓసీ తీసుకుని చేరడం మేలు. "మీరు రాకపోయినా హాజరు మేం చూసుకుంటాం, ఏడాదికి ఇంత ఇవ్వండి" అనే కాలేజీలు ఉన్నాయని మీరే వినే ఉంటారు. ఆ బేరంలో రిస్కు పూర్తిగా విద్యార్థిదే. రేపు తనిఖీలో బయటపడితే కాలేజీ వాళ్లు రిజిస్టరు చూపించి చేతులు దులుపుకుంటారు.

చదువయ్యాక కూడా ఉద్యోగం వదలకుండా కోటు వేసుకోవడం కుదరదు. పూర్తికాల జీతం తీసుకునే వ్యక్తి లాయరుగా ప్రాక్టీసు చేయకూడదని బీసీఐ రూల్ 49 చెబుతుంది. డిగ్రీ కంపెనీలో లీగల్, కంప్లయన్స్ పనికి పనికొస్తుంది, అది వేరే సంగతి. జడ్జి పరీక్షల మీద మనసుంటే 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తెలిసి ఉండాలి: జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకు మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి అయింది. అంటే చేరిన రోజు నుంచి లెక్కేస్తే ఆరేళ్ల పైమాటే.

ఇంకొకటి, ఇది మీకు వర్తించదు గానీ ఈ పేజీ చూసే చాలామందికి వర్తిస్తుంది. ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ ఉన్నంత మాత్రాన అనర్హులు కారు. పది, ఇంటర్, తర్వాత దూరవిద్యలో డిగ్రీ అయితే పర్లేదు. ఇంటర్ లేకుండా ఎలిజిబిలిటీ టెస్ట్ రాసి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ చేసినవాళ్లకే చిక్కు. బీసీఐ రూల్ 5 కింద వచ్చే వివరణ ప్రకారం వాళ్లు ఎల్‌ఎల్‌బీకి అర్హులు కారు. లాసెట్ ఫారం మాత్రం వాళ్ల ఫీజు తీసుకుంటుంది, హాల్‌టికెట్ ఇస్తుంది, ర్యాంకూ ఇస్తుంది. సర్టిఫికెట్ల దగ్గర ఆగిపోతారు. అందుకే ఎవరైనా "నాకు ర్యాంకు వచ్చింది కదా, అర్హత ఉన్నట్టే కదా" అంటే నమ్మకండి.

---

మున్నేరు_గట్టు:

చాలా థాంక్స్ అండీ, నాన్‌లోకల్ అవుతానని అసలు ఊహించలేదు. నాన్నగారి పదేళ్ల పత్రం పని ఈ వారమే మొదలుపెడతాను.

ఇంకో రెండు. ఏపీలో లోకల్ అయితే ఏపీ లాసెట్ కూడా రాయనా? చెల్లికి ఎవరో క్లాట్ రాయమన్నారట, నల్సార్ అంటోంది. అది ఈ ఏడాది అవుతుందా?

---

కృష్ణలంక_కట్ట:

ఏపీ లాసెట్ రాయొచ్చు. అక్కడా ఉన్నత విద్యామండలి తరఫునే, నిర్వహించే యూనివర్సిటీ మాత్రం మారుతూ ఉంటుంది. 2025లో తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం నిర్వహించింది. పేపర్ తీరు దాదాపు ఇదే: 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. 2025లో ఏపీది జూన్ 5న, తెలంగాణది జూన్ 6న పడ్డాయి. ఇలా పక్కపక్క రోజుల్లో వచ్చినప్పుడు ఏపీ సెంటర్ విజయవాడ, తెలంగాణ సెంటర్ ఖమ్మం పెట్టుకుంటే రెండూ రాయొచ్చు. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా, పాత జిల్లాల లెక్కన, ఏయూ ప్రాంతం. నెల్లూరు, రాయలసీమ ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) ప్రాంతం. మీకు ఏయూ ప్రాంతంలో లోకల్ వస్తుంది. కానీ నల్లకోటు గారు చెప్పిన హాజరు లెక్క గుర్తు పెట్టుకోండి. హైదరాబాద్‌లో ఉద్యోగం, విజయవాడలో లా కాలేజీ అంటే రెండింట్లో ఒకటి ఉత్తుత్తిదే. ఉద్యోగం మానేసే ఆలోచన ఉంటేనే ఏపీకి ఫీజు కట్టండి.

క్లాట్: జాతీయ లా యూనివర్సిటీల కన్సార్షియం పెట్టే పరీక్ష. శామీర్‌పేట నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య, బెంగళూరు ఎన్‌ఎల్‌ఎస్‌ఐయూ, ఇవన్నీ దాని కిందే. లాసెట్ ర్యాంకుతో ఇక్కడ సీటు రాదు. పరీక్ష డిసెంబర్‌లో జరుగుతుంది, ప్రవేశం ఆ తర్వాతి జూన్-జూలైలో. 2026 ప్రవేశాల క్లాట్ 2025 డిసెంబర్ 7న అయిపోయింది. అంటే ఇంటర్ పరీక్షలు రాశాక ఆలోచన వస్తే ఆ ఏటి బండి వెళ్లిపోయినట్టే. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ ఉండగానే అప్లై చేయాలి. ఇప్పుడు చెల్లికి రెండే దారులు: ఈ ఏడు లాసెట్‌తో చేరడం, లేదా ఏడాది ఆగి డిసెంబర్ క్లాట్ రాయడం.

ఆగే ముందు పేపర్ స్వభావం చూడండి. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత. ప్రశ్నలు నేరుగా రావు. 450 పదాల దాకా ఉండే ఇంగ్లిష్ పేరాలు చదివి వాటి మీద జవాబులివ్వాలి. తెలుగు మాధ్యమం లేదు. దరఖాస్తు రుసుము రూ. 4,000, ఎస్సీ ఎస్టీలకు రూ. 3,500. ఇంగ్లిష్ పేపరు రోజూ ఎడిటోరియల్‌తో సహా అలవాటుగా చదివే పిల్లయితే ఏడాది ఆగడం దండగ కాదు. లేకపోతే లాసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని మంచి కాలేజీలో చేరడమే నయం. పక్కింటి వాళ్ల మాట విని ఏడాది ఖాళీ పెట్టకండి.

అయిదేళ్ల కోర్సు గురించి ఒకటి ముందే చెప్పండి తనకు. మూడేళ్లయ్యాక నచ్చలేదని మానేస్తే బీఏ పట్టా చేతికి రాదు. ఇంటిగ్రేటెడ్ డిగ్రీని విడగొట్టి ఇవ్వడం, మధ్యలో చేర్చుకోవడం రెండూ బీసీఐ నిబంధనల్లో నిషిద్ధం. మనసు ఊగుతున్న పిల్లలకు ముందు మామూలు డిగ్రీ, తర్వాత మూడేళ్ల లా చేయమనడమే నా సలహా. ఏడాది ఎక్కువ పడుతుంది, కానీ మధ్యలో ఒక డిగ్రీ చేతిలో ఉంటుంది.

---

మెమో_నంబర్:

కౌన్సెలింగ్ గురించి ఎవరూ రాయలేదు, అది కూడా పెడుతున్నా.

ర్యాంకు వచ్చాక రెండు నెలలు ఏమీ కదలదు. భయపడకండి. కాలేజీలకు బీసీఐ అనుమతులు, యూనివర్సిటీ అఫిలియేషన్లు తేలాకే సీట్ల లెక్క వస్తుంది. అందుకే జూన్ పరీక్షకు కౌన్సెలింగ్ ఆగస్టులోకో ఆ తర్వాతకో జారుతుంది. ఈ మధ్యలో "సీటు ఇప్పిస్తాం, అడ్వాన్సు కట్టండి" అని ఫోన్లు వస్తాయి. కన్వీనర్ కోటాలో ఎవరూ ఏమీ ఇప్పించలేరు. మేనేజ్‌మెంట్ కోటా అడిగేవాళ్లు కూడా ఆ కాలేజీకి ఆ సంవత్సరానికి బీసీఐ అనుమతి ఉందో లేదో చూడకుండా రూపాయి ఇవ్వొద్దు. మేనేజ్‌మెంట్ సీటైనా డిగ్రీ మార్కుల శాతం నిబంధన మారదు.

మొదట రిజిస్ట్రేషన్, రుసుము రూ. 800, ఎస్సీ ఎస్టీలకు రూ. 500 ఉంటూ వచ్చింది. సర్టిఫికెట్లన్నీ స్కాన్ చేసి ఎక్కించాలి. ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటోలు, నీడపడ్డవి, వెనకవైపు వదిలేసినవి తిరిగొస్తాయి. ఒరిజినల్ నుంచే రంగుల్లో స్కాన్ చేయించండి, జిరాక్స్‌ని స్కాన్ చేయొద్దు. వెరిఫై అయినవాళ్ల జాబితా పెడతారు. అందులో మీ పేరు పక్కన కేటగిరీ, లోకల్ ఏరియా సరిగ్గా పడ్డాయా చూసుకోవడం మీ పని. అక్కడ తప్పుంటే ఆ రోజే చెప్పాలి. సీటు అలాట్ అయ్యాక చెబితే వినేవాళ్లుండరు.

తర్వాత వెబ్ ఆప్షన్లు. కంప్యూటర్ మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు మీ జాబితాలో పైనుంచి కిందికి చూసి, ఖాళీగా ఉన్న మొదటి సీటు ఇచ్చేస్తుంది. ఇంతే సూత్రం. ఓయూ క్యాంపస్ లా కాలేజీ, బషీర్‌బాగ్ పీజీ లా కాలేజీ పైన పెడితే "నా ర్యాంకుకు రాదు కదా, వేస్ట్" అనుకోకండి. రాకపోతే కిందిదానికి పోతుంది, నష్టమేమీ లేదు. వాటి కింద చిక్కడపల్లి పెండేకంటి, ఎల్బీనగర్ మహాత్మాగాంధీ, పడాల రామారెడ్డి వంటివి, మీరు నిజంగా వెళ్లగలిగే వరుసలో పెట్టుకోండి. తప్పు జరిగేది రెండు రకాలుగా. కొందరు మూడే కాలేజీలు పెట్టి సీటు లేకుండా మిగిలిపోతారు. ఇంకొందరు లిస్టు నిండాలని వెళ్లలేని జిల్లా కాలేజీని మధ్యలో దూరుస్తారు, అదే తగులుతుంది. వెళ్లని చోటు అసలు పెట్టొద్దు. మీ విషయంలో ఇంటినుంచి, ఆఫీసునుంచి దూరం లెక్క చూసుకుని పెట్టండి. హాజరు నిలబడేది దాని మీదే.

ప్రతి మార్పు తర్వాత సేవ్ చేయాలి. చివరిగా సేవ్ అయిన జాబితానే లెక్కలోకి వస్తుంది. ప్రింటు తీసుకోండి.

సీటు వచ్చాక అలాట్‌మెంట్ ఆర్డర్ దించుకుని, చెప్పిన ఫీజు కట్టి, చెప్పిన తేదీలోపు ఒరిజినళ్లతో కాలేజీలో రిపోర్ట్ చేయాలి. ఫీజు కట్టి రిపోర్ట్ చేయకపోయినా సీటు రద్దే. రెండో విడతలో ఇంకా మంచిది కావాలంటే మళ్లీ ఆప్షన్లు పెట్టొచ్చు, కానీ పెట్టాక కొత్త సీటు వచ్చిందంటే పాతది వెంటనే వేరొకరికి పోతుంది, వెనక్కి రాదు. వచ్చిన కాలేజీతో తృప్తి ఉంటే రెండో విడత జోలికే పోవద్దు.

చెల్లికి ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలంటే సీటు వచ్చినంతనే అయిపోదు. చేరాక ప్రభుత్వ స్కాలర్‌షిప్ సైట్ ఈ-పాస్‌లో వేరే దరఖాస్తు పెట్టాలి. బీసీలకు ఏడాది కుటుంబ ఆదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల లోపు ఉండాలి. ఆదాయ పత్రం తాజాది కావాలి.

---

పాత_ఫైలు:

చదువు గురించి రెండు ముక్కలు. పార్ట్-సి సగం పేపరు కదా, బజారులో దొరికే పాత గైడ్లు దానికే ముప్పు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ చట్టం పోయి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత), బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత), బీఎస్‌ఏ (భారతీయ సాక్ష్య అధినియం) వచ్చాయి. హత్యకు శిక్ష పాత 302 ఇప్పుడు బీఎన్‌ఎస్ 103. మోసం కేసు పాత 420 ఇప్పుడు 318. అట్ట మీద సంవత్సరం చూసి కాదు, లోపల ఈ సెక్షన్లు తెరిచి చూసి పుస్తకం కొనండి.

రాజ్యాంగం మొదట పట్టుకోండి: 14, 19, 21, 32, 226 అధికరణాలు, రిట్లు అయిదు రకాలు, ఆదేశిక సూత్రాలు. సమాచార హక్కు చట్టం 2005లో గడువులు (మామూలుగా 30 రోజులు, ప్రాణం, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు), వినియోగదారుల రక్షణ చట్టం 2019, కాంట్రాక్టు చట్టంలో చెల్లనిదీ, చెల్లకుండా చేయదగినదీ మధ్య తేడా, టార్టుల్లో (నష్టపరిహారం అడగదగిన సివిల్ తప్పులు) మొదటి పాఠాలు. రెస్ జుడికాటా లాంటి లాటిన్ సూక్తులు ఓ ముప్పై వస్తే చాలు. 90 నిమిషాల్లో 120 అంటే ప్రశ్నకు 45 సెకన్లు. మెంటల్ ఎబిలిటీలో ఒక లెక్క దగ్గర రెండు నిమిషాలు కూర్చుంటే పార్ట్-సిలో తెలిసిన ప్రశ్నలు మిగిలిపోతాయి. అందుకే పార్ట్-సి ముందు చేసి, ఆ తర్వాత కరెంట్ అఫైర్స్, చివర్లో లెక్కలు. ఆఖరి అయిదు నిమిషాలు మిగిలినవాటికి ఏదో ఒకటి నొక్కడానికి ఉంచుకోండి.

బీటెక్ వాళ్లకు శాతం దగ్గర ఒక జాగ్రత్త: మీ మెమోలో సీజీపీఏ మాత్రమే ఉంటే, శాతంగా మార్చే సూత్రం ఆ యూనివర్సిటీదే వాడాలి. మెమో వెనక ఉంటుంది, లేదంటే యూనివర్సిటీ నుంచి కన్వర్షన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. పదితో గుణించి ఫారంలో వేసేసి, తర్వాత మెమోతో పొంతన కుదరక ఇబ్బంది పడొద్దు. మీ 58 మార్కుల శాతమేనా, సీజీపీఏ నుంచి మీరు లెక్కేసుకున్నదా?

---

మున్నేరు_గట్టు:

సీజీపీఏ నుంచి నేనే వేసుకున్నదండీ, పదితో గుణించి. మెమో వెనక వేరే సూత్రం ఉంది, దాని ప్రకారం 50.5 వస్తోంది. 42 దాటింది కాబట్టి ఫర్వాలేదు, ఫారంలో ఇదే వేస్తాను. నంబరు, మెయిల్ నావే ఇచ్చి ఇంట్లో కూర్చుని నేనే నింపుతాను.